చేప తల చూపించమనండి

ఘాజియాబాద్,
12 జూన్ 1994

కోటమ్మక్కకి,

నువ్వు బాగున్నావా, బావ బాగున్నాడా, పిల్లలు బాగున్నారా అని మొదట రాయాలి. రాశాను. ఇక అసలు సంగతి.

మా ప్రెస్సుకి ఒక పుస్తకం వచ్చింది. అండమాన్ దీవులకి విహారానికి వెళ్తే ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని. ఢిల్లీలో గవర్నమెంటు ఉద్యోగులకి సెలవు ప్రయాణానికి సర్కారే టిక్కెట్టు ఇస్తుంది కదా, ఈ ఏడు వాళ్లందరినీ మీ దీవి మీదికి తోలాలని కన్నాట్ ప్లేసులో ఒక ట్రావెల్ కంపెనీ కంకణం కట్టుకుంది. దాని మేనేజరు కేశవరావు గారు మన తెలుగాయనే, గుడివాడ వైపు. ఆయన చేత్తో రాసిన కాగితాలు నా బల్ల మీద పడ్డాయి. ఇంగ్లీషూ హిందీ రెండూ కంప్యూటర్లో కొట్టేది నేనే.

కొడుతుంటే ఒళ్లు మండిపోయింది. "సాయంత్రం ఏడు గంటలకు సముద్రంలో సూర్యాస్తమయం చూసి తీరవలెను" అట! మీకు అయిదున్నరకే చీకటి పడిపోతుందని, పిల్లలు ఆటలాడి వచ్చేసరికి దీపం పెడతానని నువ్వే కదా పోయినేడు రాశావు. ఈయన ఇంకేదో ఊరి పుస్తకం ముందు పెట్టుకుని ఊరి పేరు మార్చాడు. ఒకచోట మార్చడం కూడా మర్చిపోయాడు. "గోవా" అనే ఉంది.

మా సేఠ్ మల్హోత్రాతో చెప్పాను. "ఓయ్ మద్రాసీ, నువ్వు టైపు కొట్టు. సూర్యుడి డ్యూటీ టైము నీకెందుకు?" అన్నాడు. మిషన్ల దగ్గర అందరూ నవ్వారు.

పదో తరగతి తప్పి ఢిల్లీ పక్కన ఈ ఊరికొచ్చి ఏడేళ్లయింది. హిందీ, ఇంగ్లీషు ఏ పంతులూ నేర్పలేదు. ఒకళ్లు రాసింది కొట్టి కొట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు తప్పు కనిపిస్తే వేలు ముందుకి కదలదు. ఏం చెయ్యను?

నువ్వు పదకొండేళ్ల నుంచి అక్కడ ఉన్నావు. ఏం చూడాలో, ఎక్కడ తినాలో నువ్వు రాయి. తీసుకెళ్లి సేఠ్ మొహాన కొడతాను.

నీ తమ్ముడు
శ్రీరాములు


జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయర్,
3 జూలై 1994

తమ్ముడు శ్రీరాములుకి అక్క దీవించి రాస్తున్నాను.

నీ ఉత్తరం కవరు మూత విడిపోయి, నోరు తెరుచుకుని వచ్చింది. పోస్టుమాను నవ్వుతూ ఇచ్చాడు. ఎన్నిసార్లు చెప్పానురా, ఇక్కడి గాలికి జిగురు నిలవదు. డబ్బాలో ఉప్పే నీరైపోతుంది. సూదీ దారం పెట్టి కుట్టి పంపు. మన సంగతులు ఈ జంగ్లీఘాట్‌లో తెలుగువాళ్లంతా చదవాలా?

ఏం చూడాలని అడిగావు. నేనేటి చూశాను? తెల్లవారుతుండగా పడవలొచ్చే వేళకి జెట్టీకి పోతాను. బావ పనిచేసే పడవతోపాటు ఇంకో రెండు పడవల చేప ఏరుకుంటాను. గంప నెత్తిన పెట్టుకుని హోటళ్ల వెనక గుమ్మాలకి తిరుగుతాను. ఆ హోటళ్ల ముందు గుమ్మం ఎలాగుంటుందో నాకు తెలీదు. జైలు చూశాను, బయట గోడ. నా దారిలో ఉంది కాబట్టి. జాలీ బాయ్ అని ఒక దీవి ఉందట, అక్కడ అడుగున గాజు వేసిన పడవెక్కితే నీళ్లలో చేపలు కనిపిస్తాయట. చేపలు చూడ్డానికి పడవెక్కడమేటి, నా గంపలో చూడమను!

మరి నువ్వు ఢిల్లీలో ఏడేళ్లున్నావు. కుతుబ్ మినార్ చూశావా? పెద్దోడు బడిలో బొమ్మ గీశాడు. "మామయ్య దాని మీదికి ఎక్కాడా?" అని నన్ను చంపుతున్నాడు. రాయి.

అక్క
కోటమ్మ


ఘాజియాబాద్,
18 జూలై 1994

అక్కా,

కవరు కుట్టాను. గోనెసంచి కుట్టే దారం. పోస్టాఫీసువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

కేశవరావు గారు నిన్న ప్రెస్సుకి వచ్చాడు. సేఠ్ ముందే అడిగేశాను, "సార్, మీరు అండమాన్ వెళ్లారా?" అని. సేఠ్ మొహం ఎర్రబడింది. ఆయన మాత్రం కోప్పడలేదు. "వెళ్లాను బాబూ. మోతీ లగూన్ అని పెద్ద హోటలు. రెండు రోజులున్నాను. రెండు రోజులూ వర్షమే. గది దాటలేదు" అన్నాడు. సిగ్గులేకుండా చెప్పాడు. నాకు కోపం రావాల్సిన చోట ఆయనకి నవ్వొచ్చింది.

మా అక్క అక్కడే ఉంటుంది, నిజం రాసిస్తుంది అన్నాను. "అయితే రాయించు నాయనా, నాకు పని తప్పుతుంది. మోతీ లగూన్ గురించి మాత్రం మంచిగా ఉండాలి. అట్ట మీద బొమ్మ వాళ్లదే" అన్నాడు. పుస్తకం మీద పేరు ఎవరిదనుకున్నావు? ఆయనదే. గది దాటనివాడి పేరు.

నువ్వు ముందు గుమ్మం చూడకపోతే పీడా పోయింది. వెనక గుమ్మమే రాయి. వంట వెనకాలే కదా చేస్తారు.

శ్రీరాములు

జంగ్లీఘాట్,
8 ఆగస్టు 1994

తమ్ముడికి దీవెనలు.

కుతుబ్ మినార్ సంగతి మింగేశావు. పెద్దోడు ఎదురుచూస్తున్నాడు.

ఈసారి బావని కూచోబెట్టి అడిగి రాస్తున్నాను. పొద్దున్న తినడానికైతే మా జంగ్లీఘాట్‌లో విజయనగరం ముసలమ్మ ఇడ్లీ, చేపల పులుసు. ఇడ్లీలోకి పులుసేటని ఢిల్లీవాళ్లు నవ్వుతారేమో, తిన్నాక నవ్వమను. అబర్డీన్ బజారులో గడియార స్తంభం పక్క సందులో మలబారువాళ్ల పరోటా. బెంగాలీవాళ్ల కొట్లో ఆవపిండి వేసిన చేప. పీతలు తినాలనుంటే అమావాస్య దగ్గర్లో రమ్మను. పున్నమి పీత గుల్ల, లోపలేం ఉండదు. సూర్యుణ్ణి చూడాలంటే చిడియా టాపుకి నాలుగింటికల్లా చేరాలి. ఏడింటికి వెళ్తే దోమలు కనిపిస్తాయి.

మోతీ లగూన్ సంగతి రాశావు. వాళ్ల వంటింటికి వారానికి అయిదు రోజులు నేనే వేస్తాను. ఆదివారం మావాళ్లు వేటకి పోరు కదా, శనివారమే రెండింతలు తీసుకుంటారు. అదే చేప మంగళవారం దాకా లాగుతారు. అందుకని మేనేజరు ఏమంటాడో తెలుసా? "సిర్ కాట్‌కే లానా, దీదీ." తల కోసి తెమ్మంటాడు. చేప వయసంతా తలలోనే ఉంటుంది. కన్ను గుంట పడిందా, మొప్ప నల్లబడిందా చూస్తే చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. తల లేకపోతే ఎంత మొనగాడికీ తెలీదు. ఆ తలలు నేను ఇంటికి తెచ్చి పులుసు పెడతాను. మా పిల్లలు అక్కడి దొరల కన్నా తాజాగా తింటున్నారు! నీకు కాబట్టి చెప్తున్నాను.

అక్క
కోటమ్మ

ఘాజియాబాద్,
28 సెప్టెంబర్ 1994

అక్కా!

పుస్తకం అచ్చయింది. మూడు వేల కాపీలు. దసరా, దీపావళి సెలవులకి వెళ్లేవాళ్ల కోసం అయిదు వందలు ముందే కుట్టి పంపేశారు. నీకు ఒకటి విడిగా పంపుతున్నాను.

పీతలు, అమావాస్య, ఇడ్లీ పులుసు, నాలుగింటి సూర్యుడు, అన్నీ నీ మాటలే. ప్రూఫు చూడమని కేశవరావు గారికి పంపితే తెరవకుండానే సంతకం పెట్టాడు. పద్నాలుగో పేజీ చూడు. మోతీ లగూన్. "భోజనశాల విశాలమైనది. చేప తెమ్మని చెప్పే ముందు తల చూపించమనండి. కన్ను ఉబ్బి, మొప్ప ఎర్రగా ఉంటే తినండి. తల లేదంటే లేచి రండి." ఈ నాలుగు ముక్కలు కొట్టేటప్పుడు నా వేళ్లు ఎగిరాయి, అక్కా. ఏడేళ్లలో నా చేత్తో కొట్టిన మొదటి నిజం.

ఆఖరి పేజీ కూడా చూడు. ఎవరికీ చెప్పకుండా వేశాను. "ఈ వివరాలు చెప్పినవారు: కోటమ్మ, జంగ్లీఘాట్ జెట్టీ." మన వంశంలో అచ్చులో పేరు పడింది నీకే. అమ్మ ఉంటే చూసి మురిసేది.

శ్రీరాములు

జంగ్లీఘాట్,
9 నవంబర్ 1994

శ్రీరాములుకి,

నీ పుస్తకం నాకు చేరకముందే మోతీ లగూన్‌కి చేరింది.

దీపావళి మర్నాడు గంప దించగానే మేనేజరు వచ్చాడు. చేతిలో పుస్తకం. ఒకే పూట మూడు బల్లల దగ్గర తల చూపించమన్నారట. ఒకాయన లేచి పెద్ద గొడవ చేశాడట. ఆఖరి పేజీ తీసి నా మొహం ముందు పెట్టాడు. "పఢ్ లో దీదీ, ఆప్ కా నామ్ హై." చదువుకో, నీ పేరే ఉంది అని. నాకు హిందీ చదవడం రాదని తెలిసి, తనే గట్టిగా చదివాడు. వంటవాళ్లందరూ చూస్తున్నారు. గంప అలాగే ఎత్తుకుని వచ్చేశాను.

రెండు రోజుల్లో మిగతా హోటళ్లు కూడా తలుపేసేశాయి. ఈవిడ మన వంటిల్లు పుస్తకంలో వేయిస్తుంది అంటున్నారట. విజయనగరం ముసలమ్మ కూడా "ఇప్పుడొద్దులే కోటమ్మా" అంది. దానిని నువ్వు పుస్తకంలో మెచ్చుకున్నావు! పడవ సొంతదారు బావని అరిచాడు. బావ నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. బజారులో ఎండలో కూచుంటున్నాను. పొద్దెక్కేసరికి చేప మెత్తబడిపోతోంది.

నేను నీతో అన్నాను, శ్రీరాములూ. నీతో.

కోటమ్మ

ఘాజియాబాద్,
26 నవంబర్ 1994

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం దిగలేదు. ఇక్కడ కూడా అగ్గి రాజుకుంది. కేశవరావు గారు రుసరుసలాడుతూ వచ్చాడు. "పెద్దవాళ్ల అన్నం తింటూ పెద్దవాళ్ల మీద రాయకూడదు బాబూ." నేనెప్పుడు తిన్నాను వాళ్ల అన్నం? సేఠ్ అయితే, "నీ అక్క చేపలమ్ముతుందా, పుస్తకాలు రాస్తుందా?" అన్నాడు. అక్క పేరు ఎత్తితే ఊరుకోనని అన్నాను. చొక్కా పట్టుకునేదాకా వచ్చింది. మిషన్‌మాన్ ఆపాడు.

ఇంకా రెండువేల అయిదు వందల కాపీలు గోదాములో ఉన్నాయి. ప్రతిదాంట్లో ఆ ముక్కల మీద చీటీ అంటించాలట. దాని మీద "సముద్రం నుంచి నేరుగా మీ పళ్లెంలోకి, మోతీ లగూన్ తాజా చేప" అని ఉండాలట. నీ పేరు కూడా మూసెయ్యాలట. అంటించేది నేనే, అదీ నా భోజనం గంటల్లో. చెయ్యనని చెప్పేశాను. నిజం మీద అబద్ధం అంటించే చెయ్యి నాది కాదు.

నువ్వు భయపడకు. ధైర్యంగా ఉండు. ఆ మేనేజరు ముందు నిలబడి, అవును, నేనే చెప్పాను, అందులో తప్పేముంది అని అడుగు. వాడేం చెప్తాడో చూద్దాం.

శ్రీరాములు

జంగ్లీఘాట్,
12 డిసెంబర్ 1994

శ్రీరాములుకి,

ధైర్యంగా ఉండమన్నావు. ఎవరి ధైర్యం?

నీ పుస్తకం వచ్చింది. పెద్దోడి చేత మొదటి నుంచి చివర దాకా చదివించుకున్నాను. అట్ట మీద కేశవరావు గారి పేరు. కింద మీ సేఠ్ ప్రెస్సు పేరు. వెనక నా పేరు. నీ పేరు ఎక్కడుందిరా? ఒక్కచోట చూపించు. ఆ నాలుగు ముక్కలు కొట్టేటప్పుడు నీ వేళ్లు ఎగిరాయి, తగిలింది మాత్రం నాకు. నీకు నిజం చెప్పాలనుంటే నీ పేరు పెట్టుకుని చెప్పు. నా గంప మీదెక్కి అరవకు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ తమ్ముడితో చెప్పుకునేదీ, ఊరి మీద వేసేదీ ఒకటేనా? నాకు అచ్చులో పేరు కావాలని ఎప్పుడైనా అడిగానా? నేను అడిగింది ఒకటే. కుతుబ్ మినార్ చూశావా అని. దానికి మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు. నువ్వు కూడా నాలాగే వెనక గుమ్మం మనిషివని ఒప్పుకోవడానికి నీకు సిగ్గు.

మేనేజరు కబురు పెట్టాడు. ఆ మాటలు మూసేసిన పుస్తకాలు వస్తే మళ్లీ రానిస్తాడట. చిన్నదానికి బడిలో మధ్యాహ్నం డబ్బాలో ఈ వారమంతా ఒట్టి గంజన్నం. తలలు కూడా లేవు ఇంట్లో.

అంటించు.

కోటమ్మ

ఘాజియాబాద్,
6 జనవరి 1995

అక్కా,

అంటించాను.

భోజనం గంటలు చాలక రాత్రుళ్లు కూడా కూచుంటే అయిదు రోజులు పట్టింది. గోదాములో గోనె పరుచుకుని కూచున్నాను. వేళ్లు చలికి కొయ్యబారిపోయాయి. పద్నాలుగో పేజీ చీటీకి సేఠ్ మైదా జిగురు ఉడికించి ఇప్పించాడు. ఆయన చెప్పినట్టే, ఆయన ఇచ్చిందే వాడాను. ఈ ఘాజియాబాద్ ఎండుగాలికి అది గోరు పెట్టి గీకినా రాదు. సేఠ్ స్వయంగా గీకి చూసి, "షాబాష్" అన్నాడు.

నీ పేరు మీద మాత్రం మైదా వాడలేదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు తెచ్చి అంటించాను. అది నీళ్లలో నానేసినా కదలదు. అక్కడ తెల్లకాగితం అంటించమన్నారు. నేను ఒక ముక్క అచ్చు వేసి అంటించాను. సేఠ్ ఆఖరి పేజీ తిప్పలేదు. ఆయనకి ఆఖరి పేజీ ఉంటుందని కూడా తెలీదు.

నువ్వు రాసినవి రోజూ గుర్తొస్తున్నాయి. గంప మీదెక్కి అరవకు అన్నావు. దిగాను.

కుతుబ్ మినార్ చూడలేదు. ఎర్రకోట కూడా చూడలేదు. బస్సులోంచి ఒకసారి గోడ కనిపించింది.

ఈ ఉత్తరం ఎప్పటిలాగే దారంతో కుట్టాను.

శ్రీరాములు

జంగ్లీఘాట్,
20 ఫిబ్రవరి 1995

తమ్ముడు శ్రీరాములుకి అక్క దీవించి రాస్తున్నాను.

ఒరే దొంగా! దారంతో కుట్టానని రాస్తే నాకు అప్పుడు అర్థం కాలేదు.

జనవరి ఆఖర్లో చీటీలున్న పుస్తకాలు వచ్చాయి. మేనేజరు తెరిచి చూసుకుని, గంప లోపలికి రానిచ్చాడు. తల కోసే ఇచ్చాను. మిగతా హోటళ్లు కూడా ఒక్కొక్కటే తలుపు తీశాయి. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే మొదలైంది. ఢిల్లీవాళ్లు పుస్తకం సంచిలో వేసుకుని పడవెక్కుతారు, తడుపుకుంటారు, గదిలో ఆరబెడతారు. నీ మైదా చీటీలు ఎండుటాకుల్లాగ రాలిపోతున్నాయి! ఒక ఆర్మీ ఆఫీసరు భార్య, మన తెలుగావిడే, భోజనాల బల్ల దగ్గర కూచుని "ఏవండీ, ఇక్కడేదో దాచారు చూడండి" అని గట్టిగా చదివిందట. దాచిపెట్టింది కాబట్టి ఇప్పుడందరూ అదే ముందు చదువుతున్నారు.

మేనేజరు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆఖరి పేజీ తిప్పాడు. నా పేరు లేదు. గోరుతో గీకాడు, కత్తి మొనతో గీకాడు, రాలేదు. పైనున్నది చదివాడు. "చేపల సంగతి రాసినది: శ్రీరాములు, ఘాజియాబాద్." నావైపు చూసి, "యే శ్రీరాములు కౌన్ హై?" అన్నాడు. "ఢిల్లీలో ఎవడో సాబ్. ఢిల్లీ మాకెక్కడ తెలుసు?" అన్నాను. తమ్ముడూ, నువ్వెవరో తెలీదన్నాను. తప్పనిపించలేదు. నవ్వాపుకోలేక గంప సర్దుకుంటూ తల దించుకున్నాను.

ఢిల్లీకి ఫోను చేసి చాలా సేపు అరిచాడు. అరుస్తాడు గానీ, తడికీ గాలికీ ఏం చెయ్యగలడు? ప్రతి బల్ల దగ్గరా తల అడుగుతున్నారు. ఆఖరికి పోయిన వారం అన్నాడు, "కల్ సే సిర్ కే సాథ్ లానా, దీదీ." రేపటి నుంచి తలతోనే తెమ్మని. సోమవారం చేప మానేశాడు. మా ఇంట్లో తలల పులుసు తగ్గింది. అదొక్కటే నష్టం.

ఆదివారం బావ స్నేహితుడు మమ్మల్ని జాలీ బాయ్ తీసుకెళ్లాడు. గాజు పడవ ఎక్కాను. పదకొండేళ్లు చేపలమ్మాను, చేప నావైపు చూడటం ఎప్పుడూ చూడలేదురా. కిందనుంచి కన్ను తిప్పి చూసి, నాతో పనేం లేనట్టు వెళ్లిపోయింది. చిన్నది చెయ్యి ఊపింది. నాకేటో ఏడుపొచ్చింది.

నీకేం ఇబ్బంది రాలేదు కదా? దాచకుండా రాయి.

అక్క
కోటమ్మ

నోయిడా,
14 మార్చి 1995

అక్కా,

పైన ఊరి పేరు చూశావు కదా. అంతే సంగతి.

సేఠ్ ఆఖరి పేజీ మొదటిసారి తిప్పాడు. "అరే వాహ్, రైటర్ సాబ్! పేరు వేసుకున్నావా? అయితే నీ ప్రెస్సు నువ్వు పెట్టుకుని వేసుకో" అన్నాడు. కేశవరావు గారు తలవంచుకుని కూచున్నాడు. పుస్తకం మీద ఆయన పేరు అలాగే ఉంది. ఆయనకేం కాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటున్నాను.

ఇక్కడ ఇంకో ప్రెస్సులో చేరాను. మందుల పెట్టెల్లో మడతపెట్టి పెట్టే కాగితాలు కొడుతున్నాను. వాటిలోనూ తప్పులున్నాయి. ఇంకా నోరెత్తలేదు. ఎత్తితే ముందు నీకు రాస్తాను.

మధ్యలో మూడు రోజులు ఖాళీ దొరికింది. పెద్దోడికి చెప్పు, కుతుబ్ మినార్ చూశాను. రెండు బస్సులు మారి, లైనులో నిలబడి వెళ్తే, ఎక్కే తలుపుకి తాళం. చాలా ఏళ్ల నుంచి ఎవర్నీ ఎక్కనివ్వడం లేదట. ఏడేళ్ల తర్వాత ముందు గుమ్మానికి వస్తే తాళం, అక్కా! కాపలావాడితో గొడవ పడ్డాను. వాడు బీడీ ఇచ్చి కూచోమన్నాడు. కూచుని మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. చాలా పెద్దది. అబద్ధం కాదు.

గేటు బయట ఢిల్లీలో ఏం చూడాలో చెప్పే పుస్తకం అమ్ముతున్నారు. విప్పి చూశాను. "మినారు పైకి ఎక్కితే నగరమంతా కనువిందుగా కనిపించును" అని ఉంది. ఎవడు కొట్టాడా అని ఆఖరి పేజీ తిప్పాను.

ఎవరి పేరూ లేదు.

నీ తమ్ముడు
శ్రీరాములు